నాలుగంగుళాల గీత

కోడలు ఉదయం ఎనిమిదింటికి కంప్యూటర్ ముందు కూర్చుంది. పదయ్యేసరికి అదే తప్పును పదిహేడోసారి చూసింది. 'కొలత మరీ పెద్దది' అని ఇంగ్లీషులో మూడే మూడు ముక్కలు. ఎంత పెద్దదో చెప్పదు, ఏం చేస్తే చిన్నదవుతుందో అసలే చెప్పదు. చావు కబురు చల్లగా చెప్పేసి ఊరుకుంటుంది.

సాయంత్రం ఐదింటికల్లా పుస్తకం పంపాలి. పుస్తకం మామగారిది. ముప్ఫై ఎనిమిదేళ్ళు కటింగ్ మాస్టర్‌గా పనిచేసిన మనిషాయన. గుడ్డ మీద కత్తెర పెట్టేముందు గోధుమరంగు కాగితం మీద నిలువెత్తు నమూనా గీసుకోవడం ఆయన పద్ధతి. అలా గీసినవాటిలో పద్నాలుగింటిని, కాలర్ దగ్గర్నుంచి పొడుగుకోటు దాకా, కుట్టుపని నేర్పే బడిలో ఈ ఏడు నుంచి పాఠంగా పెడతామన్నారు. ఆ బడి నడిపే మేడం ఒకప్పుడు ఈయన దగ్గరే కత్తెర పట్టింది. "ఐదు దాటితే ప్రెస్‌వాళ్ళు పాత పుస్తకమే మళ్ళీ వేసేస్తారు మాస్టారూ, ఆ పైన నా చేతుల్లో ఉండదు," అని వారం కిందటే చెప్పింది. ఆ పాత పుస్తకం సంగతి ఆ ఇంట్లో ఎత్తకూడదు. దాని ప్రకారం చొక్కా కుడితే వేసుకున్నవాడు చెయ్యి పైకెత్తలేడని మామగారి ఫిర్యాదు.

మళ్ళీ గీసి ఇద్దామంటే కుదరదు. రెండేళ్ళుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. కత్తెర మేకుకి తగిలించేశారు, పెన్సిల్ ముట్టుకోరు. ఉన్న కాగితాలేమో మడతల దగ్గర చిరిగి, పట్టుకుంటే విడిపోయేలా ఉన్నాయి. ఆయన చేతిపని మిగిలితే ఈ పుస్తకంలో మిగలాలి, లేకపోతే లేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు.

కోడలు కాలేజీలో లెక్కలు చెబుతుంది. ప్రశ్నపత్రమైనా, నోట్సయినా లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో రాయడమే ఆమెకు అలవాటు. ఇలా జరుపు, ఇంత పెట్టు అని మాటల్లో రాసిస్తే అదే పేజీ కట్టి, బొమ్మలు గీసి పెడుతుంది. మామూలుగా అందరూ వాడే దాంట్లో చేసెయ్యొచ్చు కదా అని మొగుడు ఉచితసలహా ఇచ్చాడు. "అందులో ఒక్క బొమ్మ జరిపితే ఇల్లంతా కదిలిపోతుంది, నావల్ల కాదు," అని అతని నోరు మూయించింది. ఇప్పుడు ఆ లేటెక్కే ఎదురు తిరిగింది. మొగుడు ఆఫీసుకి వెళ్ళిపోవడం ఒక రకంగా నయమైంది.

కాగితాలను జిరాక్స్ షాపులో పెద్ద స్కానర్ మీద ముక్కలు ముక్కలుగా తీయించి, ఒక్కో బొమ్మగా అతికించి తెచ్చుకున్నారు. పదమూడు బొమ్మలు బుద్ధిగా పేజీలోకి వచ్చాయి. వాటి మీద 'మెడ', 'భుజం', 'చంక' అని బాణంగుర్తులతో సహా పేర్లు పెట్టింది. ఆఖరిదీ అన్నిటికన్నా పెద్దదీ పొడుగుకోటు. అది మాత్రం గడపలోనే కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. పేజీ వెడల్పుకి కుదించమని రాసినా వినలేదు. బొమ్మ పేరు మార్చి చూసింది. పేరు మారిస్తే బుద్ధి మారుతుందా? కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ పెట్టింది. అదీ అయింది.

అత్తగారు టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. ముప్ఫై ఏళ్ళు భర్త పక్కన కూర్చుని కాజాలు కుట్టిన మనిషి ఆవిడ. ఆవిడ కుట్టిన కాజాలోంచి బొత్తాం జారిన దాఖలా లేదు, నోట్లోంచి మాట జారని రోజూ లేదు.

"ఇంకా మొండికేస్తోందా?"

"మొండి కాదత్తయ్యా. కొలత పెద్దదట."

"కొలత సరిపోలేదని ఏడ్చేవాళ్ళని నా పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నాను. నీ కంప్యూటర్ కొత్తేం కాదు. ఇంతకీ కొలిచావా దాన్ని?"

కోడలు కొలవలేదు. రెండు గంటల్నుంచి చిన్నదవమని చెబుతోందే తప్ప, ఇప్పుడెంత ఉన్నావని బొమ్మను ఒక్కసారైనా అడగలేదు. తెరిచి చూసింది. పొడుగునా ఇరవై ఎనిమిది వేల రెండు వందల చుక్కలు, అదే పిక్సెళ్ళు. అంగుళానికి ఎన్ని చుక్కలన్నది మాత్రం ఎక్కడా లేదు. షాపులో ముక్కలు అతికించినప్పుడు ఆ వివరం ఎగిరిపోయినట్టుంది. వివరం లేకపోతే లేటెక్ తన లెక్కన అంగుళానికి డెబ్బై రెండు చుక్కలనుకుంటుంది. కోడలు కాగితం మీద భాగించి చూసింది. వచ్చిన జవాబు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ముప్ఫై రెండున్నర అడుగులు అత్తయ్యా. దీని లెక్కలో మన కోటు పొడుగు."

"ఎవరికమ్మా, ఏనుక్కా?"

పక్క గదిలోంచి మామగారి గొంతు వినిపించింది. "ఏనుక్కైతే చేతులు నాలుగుండాలి. నేను రెండే గీశాను."

లేటెక్‌కి ఏ కొలతైనా పంతొమ్మిది అడుగులలోపే ఉండాలి. ఆపైన దానికి లెక్క అందదు. కుదించాలంటే ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు చేతిలోకి తీసుకోవాలి, తీసుకోబోతేనే చేతిలో పట్టడం లేదు. అందుకే కుదించమన్న మాట దాని చెవికి ఎక్కలేదు. మిగతా పదమూడూ ఆ హద్దు దాటలేదు కాబట్టి బతికిపోయాయి. కోడలు బొమ్మ ఫైల్లోనే, అంగుళానికి ఆరు వందల చుక్కలు అన్న వివరం రాయించింది. షాపువాడు స్కాన్ చేసింది ఆ లెక్కనే. ముప్ఫై రెండున్నర అడుగుల కోటు దెబ్బకి నలభై ఏడు అంగుళాలకి దిగి వచ్చింది. లేటెక్‌ని మళ్ళీ నడిపించింది. తప్పు లేదు. పేజీ మధ్యలో కోటు ఒద్దికగా కూర్చుంది.

ఎవరో నెత్తిన పాలు పోసినట్టయింది ఆమెకు. కోటు మీద కూడా పేర్లు పెట్టి, పద్నాలుగు పేజీలూ అచ్చు తీసి, పరుగులాంటి నడకతో మామగారి గదిలోకి వెళ్ళింది. టైము పదకొండున్నర. ఇంకా ఐదున్నర గంటలుంది, ఈ లోపల హాయిగా అన్నం తిని ఒక కునుకు కూడా తీయొచ్చు అనుకుంది పిచ్చిది.

మామగారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. మెళ్ళో టేపు. కత్తెర మానేశారు గానీ టేపు మానలేదు, స్నానానికి తప్ప తీయరు. పేజీలు ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టుకుని చూశారు. కాలర్ బొమ్మ మీద టేపు పెట్టారు. కోటు బొమ్మ మీద పెట్టారు. మళ్ళీ కాలర్ తీశారు. పేజీని అటూ ఇటూ తిప్పి, వెనక్కి కూడా చూశారు.

"అమ్మాయ్, గీత ఏదీ?"

"ఏ గీత మావయ్యా?"

"కింద, ఎడంపక్క మూల. నాలుగంగుళాలది."

కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. స్కాన్‌లన్నిటిలోనూ కింద మూల ఒక లావుపాటి పెన్సిల్ గీత ఉంది, రెండు కొసలకీ రెండు చిన్న అడ్డగీతలు. పెన్సిల్ పదునుందో లేదో చూసుకున్నారనుకుంది. పరీక్షపేపర్లు దిద్ది దిద్ది ఉన్న బుద్ధి కదా, అంచున కనబడేదంతా చిత్తు అనుకోవడం ఆమెకు అలవాటు. పద్నాలుగు బొమ్మల్లోనూ అంచులు నీటుగా కత్తిరించి, ఆ గీతను పారేసింది. చేసిన రోజు ఆ నీటు చూసి మురిసిపోయింది కూడా.

"కత్తిరించేశాను మావయ్యా. చిత్తుగీత అనుకున్నాను."

ఆయన కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది.

"మా పనిలో ఒకరి కాగితం ఇంకొకరు తీసుకుంటే ముందు టేపు పెట్టేది ఆ గీత మీదే," అన్నారు నెమ్మదిగా. "వానలకి కాగితం ఉబ్బుతుంది. ఎండలకి ముడుచుకుంటుంది. ఆ గీత నాలుగంగుళాలుంటే మిగతాదంతా సరిగ్గా ఉన్నట్టు. లేకపోతే ఎంత తేడా వచ్చిందో చూసుకుని అంత సర్దుకోవాలి. గీత లేని కాగితం చూసి నేను ఏనాడూ గుడ్డ కొయ్యలేదు. నా దగ్గర ఎవర్నీ కొయ్యనివ్వలేదు."

రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూపించారు. "ఇదిగో, కాలరూ కోటూ ఒకే పొడుగున్నాయి. బడిలో పిల్ల దీన్ని చూసి ఎంతకి పెంచుకోవాలి? ఏదో ఒకటి ఊహించుకుని కోస్తుంది. నా పేరు చెప్పుకుని ఒక గుడ్డ పాడవుతుంది. వద్దు తల్లీ. పాత పుస్తకమే వేసుకోమను."

కోడలు ఆ రెండు పేజీలూ మళ్ళీ చూసింది. నిజమే, ప్రతి బొమ్మనీ పేజీ వెడల్పుకి సాగదీసిందో కుదించిందో తప్ప, ఏది ఎన్నో వంతుకి దిగిందో తనకే తెలియదు. అందంగా కనబడితే చాలనుకుంది.

"ఆ ముక్క ముందే చెప్పి ఉండొచ్చుగా?" అంది అత్తగారు మొగుడితో.

"గుడ్డ కోసేముందు కత్తెర చేతిలోకి తీసుకోమని ఎవరికైనా విడిగా చెబుతామా?" అన్నారాయన.

కోడలు గబగబా కంప్యూటర్ దగ్గరికి వచ్చింది. ఆమెకు ఒక మంచి అలవాటుంది, ఏదీ పారెయ్యదు. 'పాతవి' అనే ఫోల్డర్ తెరిస్తే కత్తిరించని స్కాన్‌లు పద్నాలుగూ ఉన్నాయి, కింద మూల గీతతో సహా. అమ్మయ్య అనుకుంది. కోటు బొమ్మ తీసేసి ఆ స్థానంలో పాతది పెట్టి, దానికీ అంగుళానికి ఆరు వందల చుక్కలని రాయించి నడిపించింది. బొమ్మ వచ్చింది, గీత వచ్చింది. కానీ అంచులు పెరిగేసరికి బొమ్మ జరిగింది, పేర్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. 'మెడ' వెళ్ళి జేబులో కూర్చుంది. 'చంక' పూర్తిగా కోటు బయట గాల్లో వేలాడుతోంది.

ఆ పేర్లన్నీ కంటిచూపుతో పెట్టినవే. పేజీ మూల నుంచి ఇన్ని సెంటీమీటర్లు, కాదు ఇంకాస్త అటు, కాదు కాస్త ఇటు అని ఒక్కోదానికి ఐదు నిమిషాలు పట్టింది. మొత్తం తొంభై పేర్లు. తొంభై ఐదులు నాలుగు వందల యాభై, అంటే ఏడున్నర గంటలు. ఉన్నది ఐదు గంటలు కూడా లేదు. లెక్కల మనిషికి ఆ గుణకారం చేయడం తప్ప ఇంకేం తోచలేదు.

తెర మీద ఆ గీతను చూస్తూ కూర్చుంది. నువ్వే కదా నా కొంప ముంచింది అని మనసులో తిట్టుకుంది. తిట్టుకుంటూ ఉండగానే తట్టింది. లేటెక్‌లో ఏ బొమ్మకైనా సున్నా ఎక్కడో చెప్పాలి, ఒకటి అంటే ఎంతో చెప్పాలి. ఇన్నాళ్ళూ పేజీ మూలని సున్నా అంది, సెంటీమీటర్‌ని ఒకటి అంది. కోటుకీ పేజీ మూలకీ ఏం చుట్టరికం? గీత ఎడమ కొసని సున్నా అంటే? గీత పొడుగుని నాలుగు అంటే? అప్పుడు బొమ్మని కుదించినా పెంచినా గీతా దానితోపాటే తగ్గుతుంది, పెరుగుతుంది, పేర్లూ గీతని పట్టుకునే ఉంటాయి. పైగా అంకెలు సెంటీమీటర్లు కావు, కాగితం మీది అసలు అంగుళాలే. కంటిచూపుతో పనేముంది? కాగితం దగ్గర టేపు పట్టుకున్న మనిషి ఒకరుంటే చాలు.

"మావయ్యా, ఒకసారి ఇలా రండి. టేపుతో. కాగితాలు కూడా తెండి."

పెద్దబల్ల మీద సామానంతా మంచం మీదికి మార్చి, గోధుమరంగు కోటు కాగితం పరిచారు. అత్తగారు చిరుగులు సాగకుండా మూలల మీద ఇస్త్రీపెట్టె, కత్తెర, పప్పుల డబ్బా పెట్టింది.

"గీత ఎడమ కొస నుంచి చంక గుర్తు దాకా, కుడికెంత, పైకెంత చెప్పండి."

ఆయన నమ్మకం లేకుండానే కొలిచారు. "కుడికి పదకొండుంబావు. పైకి పంతొమ్మిదిన్నర."

ఆమె ఆ రెండు అంకెలూ కొట్టింది. నడిపించింది. బాణం వచ్చి చంక గుర్తు మీద నిలబడింది. పక్కన కాదు, దగ్గర్లో కాదు, ఆయన పెన్సిల్‌తో పెట్టిన చిన్న గాటు మీదే.

మామగారు వంగి చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని మళ్ళీ చూశారు. "ఇంకోటి చెబుతా ఉండు. జేబు పైమూల. కుడికి ఇరవై రెండూ ముప్పావు, పైకి ఎనిమిది." అది పరీక్ష అని ఆమెకు అర్థమైంది. అంకెలు కొట్టింది. బాణం జేబు మూల మీద నిలబడింది.

"ఇది టేపు మాట వింటోందే," అన్నారాయన.

ఆ తరవాత ఆ గదిలో అదే పని. ఆయన కొలవడం, అంకె చెప్పడం, ఆమె కొట్టడం. మొదట్లో ఆయన ప్రతి కొలతా రెండేసిసార్లు చూసుకున్నారు. టేపు కొసని గుర్తు మీద ఆనించబోతే చెయ్యి వణికి అది పక్కకి పోతోంది. నాలుగోసారి అలా జరిగినప్పుడు అత్తగారు తన వేలు టేపు కొస మీద అదిమి పెట్టింది. అక్కడి నుంచి ఆవిడ కొస పట్టింది, ఆయన అంకె చదివారు. కోడలు తెర మీంచి తల తిప్పకుండా ఓరకంట ఆ సంగతి చూసింది. ఆ ఇద్దరి మీదా ఆమెకు చెప్పలేనంత ప్రేమ కలిగింది.

అన్నాలు మధ్యలో ఎవరికి వాళ్ళు నిలబడే తిన్నారు. మూడింటికి తొమ్మిది బొమ్మలయ్యాయి. నాలుగుంబావుకి పద్నాలుగో బొమ్మ, మొదట ఏ గొడవా పెట్టని కాలర్, అయిపోయింది. కోటు ఎనిమిదో వంతుకి, కాలర్ సగానికి, మిగతావి వాటి వాటి వంతులకి దిగాయి. ప్రతిదాని కిందా దాని గీత, గీత కింద 'నాలుగంగుళాలు' అన్న మాట. కోటు పేజీలో ఆ గీత అరంగుళం ఉంది, కాలర్ పేజీలో రెండంగుళాలు. ఇక ఎవరు చూసినా ఏది ఎంతో తెలిసిపోతుంది.

"ప్రెస్‌వాళ్ళు పేజీని కాస్త కుదించేశారనుకో?" అన్నారు మామగారు. ఆయనకి అనుమానం పుట్టిందంటే పుస్తకం మీద ఆశ పుట్టిందన్నమాటే.

"మొదటి పేజీలో అసలు కొలతకే ఒక గీత పెడదాం. సరిగ్గా నాలుగంగుళాలు. టేపు పెట్టి చూసుకుని, నాలుగు రాకపోతే ఈ పుస్తకాన్ని నమ్మొద్దని రాద్దాం."

"రాయి. అలాగే రాయి."

"ఆ గీత మీరే గీస్తారా మావయ్యా?"

ఆయన కుడిచేతి వంక చూసుకున్నారు. "నాకెందుకమ్మా. కంప్యూటర్నే గీయమను. అది వణకదు."

కోడలు కత్తిరించని కోటు బొమ్మ మళ్ళీ తెరిచింది. ఈసారి గీతను ఉంచుకుని మిగతాదంతా కత్తిరించేసింది. సరిగ్గా నాలుగంగుళాలకి పెట్టి, మొదటి పేజీ అచ్చు తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన టేపు పెట్టారు. అత్తగారు కొస పట్టింది. నాలుగు.

"బాగా వచ్చింది. కాస్త లావుగా గీసింది నీ కంప్యూటర్."

"అది గీయలేదు మావయ్యా. మీరు గీసిందే. కోటు కాగితం మీదది."

ఆయన ఆ పేజీని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశారు. గీత ఎక్కడా వంకర పోలేదు. కొసల్లో అడ్డగీతలు రెండూ నిటారుగా నిలబడి ఉన్నాయి. ఆ కోటు గీసి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. "అప్పట్లో చెయ్యి బాగుండేది," అని పేజీని జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు.

నాలుగూ నలభై ఎనిమిదికి పుస్తకం వెళ్ళిపోయింది. కోడలు కుర్చీలో వెనక్కి వాలింది. పావుగంటకి ఫోన్ మోగింది. మామగారికి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడితే వినబడదు, అందరికీ వినబడేట్టు పెట్టి బల్ల మీద ఉంచారు.

"అందింది మాస్టారూ, ప్రెస్‌కి పంపించేశాను," అంది బడి మేడం. "పంపేముందు మొదటి పేజీ అచ్చు తీసి టేపు పెట్టాను."

"ఎంతొచ్చింది?"

"నాలుగు. కోటు కూడా చూశాను. గీత అరంగుళం, అంటే ఎనిమిదో వంతు. నిజం చెప్పాలంటే ముందు గీతలున్నాయా లేదా అనే చూశాను. లేకపోతే మీ పుస్తకమైనా సరే తిప్పి పంపేదాన్ని. మీరు నేర్పిందే కదా. ఇంతకీ కంప్యూటర్ పని ఎవరు చేశారు? ఈ పని తెలియని వాళ్ళ చేతికిస్తే మొట్టమొదట ఆ గీతే కోసి పారేస్తారు."

కోడలు బల్ల కిందికి దూరిపోదామా అనుకుంది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మామగారు మెళ్ళో టేపు సవరించుకుని, "మా కోడలు," అన్నారు. "గీత సంగతి తనకి బాగా తెలుసు."

ఫోన్ పెట్టేసేదాకా ఎలాగో ఆపుకున్నారు గానీ, పెట్టేశాక ముగ్గురికీ నవ్వు ఆగలేదు. అత్తగారైతే కళ్ళు తుడుచుకుంటూనే ఇస్త్రీపెట్టె, కత్తెర, పప్పుల డబ్బా ఒక్కొక్కటే తీసింది. కోటు కాగితాన్ని ముగ్గురూ కలిసి పాత మడతల మీదే మడిచారు. గీత ఉన్న మూల పైకి కనబడేలా పెట్టింది కోడలు.